డాక్టరమ్మ చెప్పిందా?

జనగామ బస్టాండుకు ఎదురుగా ఉన్న సందులో నాకొక చిన్న దుకాణం ఉంది. ఒక జిరాక్స్ మిషను, ఒక కంప్యూటరు, కాగితాలకు ప్లాస్టిక్ తొడుగు వేసే లామినేషన్ మిషను, రెండు కుర్చీలు. కులం సర్టిఫికెట్లకు, పొలం కాగితాలకు జనం వస్తుంటారు. అందరికంటే ఎక్కువ వచ్చేది వికలాంగుల సర్టిఫికెట్ కోసం దవాఖానలో పెట్టే క్యాంపుకు తేదీ తీసుకోవడానికి. బచ్చన్నపేట నుంచి, దేవరుప్పుల నుంచి మొదటి బస్సుకే వచ్చి, నేను షట్టరు ఎత్తేదాకా మెట్ల మీద కూర్చుంటారు.

వాళ్ళకు తేదీ ఒక్కటే సరిపోదు. క్యాంపులో ఏమడుగుతారు, ఏం చెప్పాలి, ఎట్లా కనిపించాలి అనేవి కూడా కావాలి. అవి నేను చెప్పేవాణ్ణి. "గడ్డం గీసుకోకు పెద్దనాయినా, మాసిన అంగి తొడుక్కొని పో." "సక్కగ నడువకు, కోడలి బుజం పట్టుకొని నడువు." "పేరు పిలిస్తె దిగ్గున లేవకు, రెండోసారి పిల్వనియ్యి." పైసా తీసుకోలేదు. తీసుకోలేదు కాబట్టి అది పుణ్యమని కూడా అనుకున్నాను.

అబద్ధాలు నేర్పుతున్నానని నాకెప్పుడూ అనిపించలేదు. మా దిక్కు మనుషుల తీరు నాకు తెలుసు. ఆఫీసరు ముందుకు పోవాలంటే ఉతికిన బట్టలు కడతారు. కాలు ఈడ్చేవాడు ఆ పది అడుగులు మాత్రం పళ్ళు బిగబట్టి నిటారుగా నడుస్తాడు. ఎట్లున్నావని అడిగితే "మంచిగనే ఉన్న సార్" అని నోటికి దానంతట అదే వస్తుంది. పదిమందిలో బాధ బయటపెట్టుకోవడం సిగ్గు అని పెరిగినవాళ్ళు. ఆ మర్యాదతోనే ఎందరో ఉన్న పింఛను పోగొట్టుకున్నారు. వాళ్ళను ఒక్కరోజు మర్యాద మానుకోమని చెప్పడమే నా పని అనుకునేవాణ్ణి.

ఆ తెలివిని చివరికి మా అక్క మీద వాడాను.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. నేను నాలుగో తరగతిలో ఉండగా బాపు పోయాడు. అవ్వ, అంటే మా అమ్మ, పత్తి చేన్లకు కూలికి పోయేది. అక్క పదో తరగతితో చదువు ఆపేసి కుట్టుమిషను నేర్చుకుంది. మిగిలిన గుడ్డముక్కలతో నాకు బడి అంగీలు కుట్టేది. వాటి జేబు ఒక రంగు, కాలరు ఒక రంగు ఉండేవి. పిల్లలు నవ్వుతున్నారని ఏడుస్తూ వస్తే, "నవ్వెటోనికి చెప్పు, అసొంటిది దుకాన్ల దొరకదని," అనేది. నాకు ఎక్కాలు నేర్పింది ఆమే. ఏడో ఎక్కం దగ్గర ఎన్నిసార్లు తొడపాశం పెట్టిందో లెక్కలేదు.

నెల్లికుదురు దగ్గరి ఊరికి ఇచ్చి పెళ్ళి చేశాం. మూడో ఏడు ఒక మధ్యాహ్నం, పెట్టెతో సహా ఆటోలో తెచ్చి మా వాకిట్లో దించిపోయారు. కారణం చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా రెండు రోజుల్లోనే మాకు అర్థమైంది. అక్కకు మాటలు వినిపిస్తున్నాయి. ఎవరూ లేనప్పుడు, గోడ అవతలినుంచి, బాయిలోంచి, ఒక్కోసారి కుట్టుమిషను లోపలినుంచి. అవి ఆమెను తిడతాయి. ఆమె కాసేపు వింటుంది, తర్వాత బతిమాలుతుంది, తర్వాత రెండు చెవులూ మూసుకొని మూలకు కూర్చుంటుంది.

మా అవ్వకు దేవుళ్ళ మధ్య తేడా లేదు. దర్గాలో దారం కట్టించింది. ఆదివారం ప్రార్థనకు తీసుకుపోయి నెత్తికి నూనె రాయించింది. ఊరి అమ్మవారికి కోడిని కోసింది. ఇట్లా ఏళ్ళు గడిచాయి. అయితే ఆ ఏళ్ళలో అవ్వ ఇంకో పని కూడా చేసింది. ఇంటికి బయటివాళ్ళు ఎవరు వచ్చినా అక్క ఎట్లా ఉండాలో నేర్పింది. కొంగు నిండుగా కప్పుకోవాలి. చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. నవ్వకూడదు, పక్కకు చూడకూడదు. ఏమడిగినా తలెత్తి "మంచిగనే ఉన్న" అనాలి. ఇదంతా నాకు సంబంధాలు వస్తున్న రోజుల్లో. పిల్ల తరఫువాళ్ళు వచ్చి మంచం మీద కూర్చొని చాయ తాగి పోయే అరగంటసేపు అక్క గొంతు తడబడకుండా నిలబడేది. వాళ్ళు సందు మలుపు తిరగ్గానే చెవులు మూసుకొని కూలబడేది. ఆ సంబంధాలు ఏవీ కుదరలేదు. కానీ ఆ చదువు మాత్రం అక్కకు బాగా వంటబట్టింది.

మొదటిసారి సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు అక్క పరిస్థితి ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. చూసినవాళ్ళకే తెలిసిపోయింది. కొన్నేళ్ళకని గడువు పెట్టి ఇచ్చారు, తర్వాత మళ్ళీ చూపించుకోవాలన్నారు. పింఛను మొదలైంది. నెలకోసారి పోస్టాఫీసులో వేలిముద్ర వేసి తెచ్చుకునేది. దాన్ని పింఛను అనేది కాదు, "నా జీతం" అనేది. ఆ ఒక్కరోజు తనే తల దువ్వుకొని, తనే చెప్పులేసుకొని ఒంటరిగా పోయి వచ్చేది. వచ్చేటప్పుడు తనకిష్టమైన గంధం సబ్బు, అవ్వకు తమలపాకులు, నాకు పల్లీపట్టి తెచ్చేది. ముప్ఫై ఏళ్ళు దాటిన నేను ఆ పల్లీపట్టి తీసుకొని ఆమె ఎదురుగానే తినాలి. తినకపోతే ఊరుకునేది కాదు.

మనసు రోగాలకు మందులిచ్చే డాక్టరు దగ్గరికి మేము చాలా ఆలస్యంగా పోయాం. జనగామలో చూపిస్తే ఎవరో ఒకరు చూస్తారని, రైలెక్కి మహబూబాబాద్ పోయాం. మావాళ్ళు దాన్ని మానుకోట అంటారు. ఊళ్ళో అడిగినవాళ్ళకు కడుపునొప్పికి చూపిస్తున్నామని చెప్పాం. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. చిన్న వయసే. నేను గుక్క తిప్పుకోకుండా అక్క రోగమంతా చెప్పబోతే, చెయ్యెత్తి ఆపి, "మీరు బయట కూర్చోండి. అక్కయ్య చెప్తది," అంది. అన్నేళ్ళలో అక్క సంగతి అక్కనే అడిగిన మొదటి మనిషి ఆమె. గంటసేపటి తర్వాత అక్క బయటికి వచ్చి, "తమ్మీ, డాక్టరమ్మ నేను చెప్పేది నమ్మింది," అంది.

గోళీలు మొదలయ్యాక మొదటి నెలలు నిద్రే నిద్ర. తర్వాత ఒకరోజు పొద్దున నేను దుకాణానికి బయల్దేరుతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది. "ఏందిరా ఆ కాలరు? గట్లనేనా ఇస్త్రీ చేసుడు? ఇటు తే." అంగి విప్పి ఇచ్చాను. ఆమె ఇస్త్రీ చేస్తుంటే బనీను మీద నిలబడి ఏడ్చాను. అవ్వ కూడా ఏడ్చింది. అక్క మాత్రం మా ఇద్దరినీ చూసి, "మీకేమన్న అయిందా?" అంది. ఆ తర్వాత కుట్టుమిషను మీది గుడ్డ తీసింది. ముందు చీరలకు ఫాల్స్, తర్వాత జాకెట్లకు హుక్కులు, తర్వాత వాడకట్టు పిల్లల గౌన్లు. ఒకటిన్నర ఏడాది మా ఇంట్లో పగటిపూట మిషను చప్పుడు వినిపించింది. మా బతుకులో అంతకంటే మంచికాలం నేను చూడలేదు.

అప్పుడే సర్టిఫికెట్ గడువు దగ్గరపడింది. మళ్ళీ క్యాంపుకు రావాలి, మళ్ళీ చూస్తారు, వైకల్యం శాతం తగ్గితే పింఛను ఆగిపోతుంది. అది నా కంప్యూటరులోనే నాకు కనిపించింది. తేదీ నేనే తీసుకున్నాను. క్యాంపుకు ఇంకా మూడు వారాలకు పైనే ఉంది.

మానుకోట పోయి డాక్టరమ్మను కలిశాను. అక్కను తీసుకుపోలేదు. "మేడం, అక్క ఇప్పుడు మంచిగైంది. గిట్లనే క్యాంపుకు తోల్కపోతే పింఛను పోతదేమో," అన్నాను.

"రోగం పోలేదు, గోళీలు దాన్ని పట్టుకొని ఉన్నయ్. అదే రాసి ఇస్తాను. వాళ్ళు చదువుతారు," అని కాగితం రాసి సంతకం పెట్టింది. నేను లేవకుండా కూర్చుంటే నా ముఖంలోకి చూసి, "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఏం జరిగినా గోళీలు మాత్రం ఆపొద్దు. ఒక్క రోజు కూడా," అంది.

ఆ మాట అంత స్పష్టంగా చెప్పింది. నాకు వినపడలేదని, అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా లేకుండా చెప్పింది. రైలులో తిరిగి వస్తూ ఆ కాగితం రెండుసార్లు చదివాను. దాంట్లో 'మందులతో మెరుగుదల ఉంది' అని ఒక వాక్యం ఉంది. క్యాంపులో ఆ ఒక్క ముక్కే చదువుతారని నా అనుభవం నాకు చెప్పింది. ఎందరిని పంపాను నేను! నాకు తెలియదా? నా తెలివి నా నెత్తిన ఎక్కి కూర్చుంది.

అవ్వతో మాట్లాడాను. "క్యాంపు దాకా గోళీలు ఆపుదాం, మూడు వారాలే గదా," అన్నాను. "ఆమె జీతం పోతే ఆమె మళ్ళ మూలకే కూసుంటది బిడ్డా," అంది అవ్వ. అది ఒప్పుకోవడం కిందే లెక్క వేసుకున్నాను.

అక్కకు గోళీల డబ్బా తనే తెరిచి వేసుకునే అలవాటు. ఆ సాయంత్రం చెయ్యి పట్టుకొని ఆపాను. "అక్కా, కొన్ని రోజులు గోళీలు బందు పెట్టాలట."

ఆమె గోళీని అరచేతిలో అట్లాగే పట్టుకొని నావైపు చూసింది. "డాక్టరమ్మ చెప్పిందా?"

"చెప్పింది," అన్నాను.

"నిజంగనా?"

"మొన్న పోయినప్పుడు చెప్పింది అక్కా. క్యాంపు అయినంక మళ్ళ ఏస్కోవాలట."

"అట్లనా," అని గోళీని తిరిగి డబ్బాలో వేసింది. మూత గట్టిగా పెట్టి నా చేతికిచ్చింది. "నీ దగ్గరే పెట్టు తమ్మీ. చూస్తె మళ్ళ ఏస్కుంట," అంది నవ్వుతూ.

మొదటి వారం ఏమీ కాలేదు. నేను ధైర్యం తెచ్చుకున్నాను. రెండో వారం పగలు కునుకు తీయడం మానేసింది. కుట్టిన గౌనునే విప్పి మళ్ళీ కుట్టేది. ఒకే గౌను నాలుగుసార్లు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి, తల వంచి చక్రం దగ్గర చెవి పెట్టేది. పక్కింటావిడ గౌను కోసం వస్తే మాత్రం కొంగు నిండుగా కప్పుకొని, చేతులు ఒళ్ళో పెట్టుకొని, "మంచిగనే ఉన్న వదినే, రేపిస్త," అంది.

ఒకరోజు నేను అన్నం తింటుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. "తమ్మీ, మళ్ళ వస్తాన్నట్టుంది. నాకు తెలుస్తాంది. డాక్టరమ్మకు ఒక్కసారి ఫోన్ చేద్దామా?"

"ఇంక ఆరు రోజులే అక్కా."

"చెప్పి సూద్దాం. ఒక్క గోళీ ఏస్కుంటనని అడుగుదాం. వద్దంటె ఏస్కోను."

"ఆమె వద్దనే అన్నది గదా. జర ఓర్చుకో."

తల ఊపింది. లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగి, "నేను ఓర్చుకుంట గని, అవి ఓర్చుకుంటలేవు," అంది. తన జబ్బు వస్తున్నదని గుర్తుపట్టి, తన నోటితో తను వైద్యం అడగడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. అట్లా అడగగలిగేలా చేయడానికి డాక్టరమ్మకు ఏడాదిన్నర పట్టింది. నేను అన్నం ముద్ద కలుపుకుంటూ కాదన్నాను. ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాను కూడా. ఈ రోజు వరకూ నా మీద నాకు అసహ్యం కలిగేది ఆ ముద్ద గుర్తొచ్చినప్పుడే.

క్యాంపు రోజు పొద్దున్నే అవ్వకూ నాకూ పోట్లాట అయింది. అక్కను ఉన్నట్టే తీసుకుపోదామని నేను. అవ్వ అప్పటికే తలంటు పోసి, నూనె పెట్టి, జడ బిగించి అల్లుతోంది. పెట్టెలోని ఇస్త్రీ చీర మంచం మీద ఉంది.

"ఎందుకే ఇవన్నీ? పెండ్లికి పోతాన్నమా?" అని అరిచాను.

"నువ్వు ఊకో. పదిమంది ముందుకు ఆడపిల్లను గట్లనే తోల్కపోతరా? సూసెటోల్లు నన్నంటరు, నిన్ననరు," అని బొట్టు పెట్టింది. ఊరందరికీ పాఠాలు చెప్పే నా మాట నా ఇంట్లో చెల్లలేదు.

దవాఖాన వరండాలో మా ముందు చాలామంది ఉన్నారు. అందులో నేను తేదీ తీసిచ్చినవాళ్ళే సగం. మాసిన అంగీలతో, గీయని గడ్డాలతో, నేను చెప్పింది చెప్పినట్టు చేసి వచ్చారు. నన్ను చూసి కళ్ళతో నవ్వారు. వాళ్ళ మధ్య మా అక్క ఇస్త్రీ చీర కట్టుకొని, చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. పెదవులు మాత్రం సన్నగా కదులుతున్నాయి. తనకు వినిపించే ఆ మాటలకు ఏదో జవాబు చెప్తోంది.

పేరు పిలిచారు. లోపల బల్ల అవతల పెద్దాయన ఒకరు, అలసిపోయిన ముఖం, మెత్తటి గొంతు. తలుపు దాటగానే అక్క పెదవుల కదలిక ఆగిపోయింది. కొంగు సర్దుకుంది. తల ఎత్తింది.

పేరడిగాడు, చెప్పింది. వారం అడిగాడు, చెప్పింది. ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమంటే ఎక్కడా ఆగకుండా లెక్కపెట్టింది. నాకు ఎక్కాలు నేర్పిన మనిషి. బల్ల కింద ఆమె బొటనవేలి గోరు చూపుడువేలిలోకి దిగిపోతుండడం పక్కన నిలబడ్డ నాకు మాత్రమే కనిపిస్తోంది.

"ఎవరన్నా మాట్లాడినట్టు వినపడుతుందా అమ్మా?"

"లేదు సార్."

"నిద్ర?"

"మంచిగనే పడ్తది సార్."

"గోళీలు వాడుతున్నవా?"

అక్క తల తిప్పి ఒక్కసారి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. పిల్ల తరఫువాళ్ళు వచ్చినప్పుడు తప్పు మాట్లాడానా అని అవ్వను చూసేది, అదే చూపు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "రోజు ఏస్కుంటాన్న సార్. ఒక్క రోజు గూడ తప్పలే," అంది.

మానుకోట కాగితం చదువుతూ ఆయన నిజంగానే సంతోషించాడు. "చాలా బాగుందమ్మా. ఇట్లనే వాడు. మందులు మంచిగ పనిచేస్తున్నయ్," అన్నాడు.

నేను నోరు తెరవాలి. ఇరవై రెండు రోజులుగా గోళీ లేదు సార్, ఆమె వేలు చూడండి సార్ అనాలి. అంటే, ఎవరు ఆపారని అడుగుతారు. తలుపు తీసే ఉంది. వెనక వరుసలో నా గిరాకీలు మెడలు చాచి వింటున్నారు. నేను నోరు తెరవలేదు. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. తర్వాతి పేరు పిలిచారు.

బయటికి వస్తుంటే అవ్వ అక్క వీపు నిమిరింది. "ఎంత మంచిగ చెప్పింది బిడ్డ," అంది మురిసిపోతూ. ఎందుకు వచ్చామో ఆ క్షణం ఆమెకు గుర్తులేదు.

బస్సులో అక్క నా చెవి దగ్గరికి వంగింది. "మంచిగనే చెప్పిన్నా తమ్మీ?"

"చెప్పినవ్ అక్కా."

"ఇగ ఏస్కోవచ్చా?"

గోళీల డబ్బా నా జేబులోనే ఉంది. అక్కడికక్కడే తీసి ఇచ్చాను. నీళ్ళు కూడా అడగకుండా మింగింది. కానీ అప్పటికే ఆలస్యం అయిపోయింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి వాకిట్లో తడి. అక్క కుట్టుమిషను తలకాయను స్టాండు నుంచి ఊడబీకి, నీళ్ళ గాబులో ముంచి, పైకి తేలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకొని నిలబడి ఉంది. భుజాల దాకా తడిసిపోయింది. "ఇంక జరసేపు ఆగితె చప్పుడు చెయ్యవు," అంది నాతో. ఇనుప మిషను పైకి ఎట్లా తేలుతుంది అక్కా అని నేను అడగలేకపోయాను.

కొద్ది రోజులకు ఫలితం నా కంప్యూటరులోనే వచ్చింది. శాతం పింఛనుకు సరిపోదు. ఏది కాపాడడానికి ఇంత చేశానో అదీ పోయింది. తెర ఆపేసి, షట్టరు సగం దించి, కుర్చీలో కూర్చుండిపోయాను. ఎవరో మెట్ల మీద నుంచి, "అన్నా, క్యాంపుకు తేదీ దొరుకుతదా?" అని అడుగుతున్నారు.

మానుకోట తీసుకుపోయాం. డాక్టరమ్మను భూపాలపల్లికి బదిలీ చేశారట. ఆ కుర్చీలో కొత్తగా వచ్చిన సారు మంచివాడే, ఓపికగా అడిగాడు. అక్క ఆయన ముందు నోరు విప్పలేదు. గోడవైపు తిరిగి, "డాక్టరమ్మ ఏది?" అని ఒక్కటే మాట. హన్మకొండ పోయి, అక్కడినుంచి పరకాల మీదుగా భూపాలపల్లి బస్సెక్కాం. దారి పొడుగునా బొగ్గు లారీలు. ప్రతి లారీ హారనుకూ అక్క "వస్తాన్న, వస్తాన్న" అని జవాబు చెప్పింది. బస్సులో వాళ్ళు మమ్మల్ని చూశారు. ఊళ్ళోవాళ్ళు చూస్తారని అన్నేళ్ళు దాచిన అవ్వ, కొంగు నోట్లో కుక్కుకొని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ గుర్తుపట్టింది. లేచి వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. ఈసారి నన్ను బయట కూర్చోమనలేదు. "ఏమైంది అక్కయ్యా? గోళీలు ఆపినవా?"

ఆ గొంతు విన్నాక అక్క కొంచెం కుదుటపడింది. మాటలు వెతుక్కుంటూ మెల్లగా చెప్పింది. "మీరే గద మేడం ఆపమన్నది. తమ్ముడు చెప్పిండు. అందుకే ఆపిన. నాకు భయమైంది. ఫోన్ చేద్దామన్న. మీరు వద్దన్నరట."

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. "ఎన్ని రోజులు?" అని అడిగింది. చెప్పాను. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో. అక్క వైపు తిరిగి, ఒక్కొక్క మాటే విడిగా, "నేను చెప్పలేదమ్మా. ఆపమని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పను," అంది. ఆమె ఆ నిజం చెప్పక తప్పదు. చెప్పకపోతే అక్క ఆమెను కూడా నమ్మదు.

అక్క ఆమెను చూసింది. తర్వాత నన్ను చూసింది. తెలివి ఉన్న కళ్ళతో అక్క నన్ను చూడడం అదే ఆఖరు. "తమ్మీ?" అంది. అంతే. ఆమె రెండోసారి అడగలేదు.

సూదులు వేశారు, గోళీలు మార్చారు, మోతాదు పెంచారు. "ఒక్కోసారి మధ్యలో ఆపితే ఇంతకుముందు పనిచేసినంత పనిచేయవు. చూద్దాం," అంది డాక్టరమ్మ. నెలకోసారి భూపాలపల్లి పోయి వస్తున్నాం. ఏడాది దాటింది. చూస్తూనే ఉన్నాం.

పింఛను మళ్ళీ వచ్చింది. మళ్ళీ పరీక్ష చేయమని నేనే దరఖాస్తు పెట్టాను, నేనే తేదీ తీశాను. ఈసారి అక్కకు ఇస్త్రీ చీర కట్టలేకపోయాం, కట్టనివ్వలేదు. పేరడిగితే చెప్పలేదు. శాతం బాగా వచ్చింది. ఆ సర్టిఫికెట్‌ను మా దుకాణంలో నా చేతులతోనే లామినేషన్ చేశాను. పోస్టాఫీసుకు ఇప్పుడు ముగ్గురం పోతాం. వేలిముద్ర మిషను మీద పచ్చ లైటు వెలగగానే అక్క చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. అవ్వ పట్టుకొని నొక్కాలి. చేతిలో పెట్టిన నోట్లు బల్ల మీదే వదిలేసి గుమ్మంవైపు నడుస్తుంది. "నీ జీతం అక్కా," అని ఒకసారి అన్నాను. వెనక్కి తిరగలేదు.

దుకాణంలో నేనిప్పుడు ఎవరికీ ఏమీ నేర్పడం లేదు. అడిగితే, "ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి, గోళీలు ఆపకుండ్రి," అంటాను. నాకు పొగరెక్కిందని పక్క సందులో దుకాణానికి పోతున్నారు.

సాయంత్రం గోళీలు ఇచ్చే పని నాదే. గ్లాసులో నీళ్ళు, అరచేతిలో రెండు గోళీలు పట్టుకొని ఎదురుగా కూర్చుంటాను. అక్క మాట్లాడేదే తక్కువ, కానీ ఆ ఒక్క మాట మాత్రం ప్రతిరోజూ అడుగుతుంది.

"డాక్టరమ్మ చెప్పిందా?"

"చెప్పింది అక్కా."

ఒకసారి డాక్టరమ్మకే ఫోన్ కలిపి వినిపించాను. "వేసుకో అక్కయ్యా, నేనే చెప్తున్నా," అని ఆమె అవతలినుంచి బతిమాలింది. అక్క అంతా విని ఫోన్ నాకు తిరిగి ఇచ్చేసింది. "ఎవరితోనో మాట్లాడిపిస్తాన్నవ్," అంది.

ఇప్పుడు నేను చెప్పేది నిజం. ఆమె నా ముఖం కాసేపు చూస్తుంది. తర్వాత నా వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, గోళీల మీద నా పిడికిలి మూసేస్తుంది. నేను లేచి వంటింట్లోకి పోయి, ఆ రెండింటినీ నలిపి, పెరుగన్నంలో కలపమని అవ్వకు ఇస్తాను.